ఆడవాళ్ళ జీ6పీడీ రిపోర్టు, మూతపడ్డ ఎక్స్: ఒక్క అంకె వెనక రెండు రకాల కణాలు

నాగావళి (రాయగడ)

వైవాక్స్ మలేరియాకి ప్రైమాక్విన్ మొదలెట్టే ముందు జీ6పీడీ ఎంజైము ఉందో లేదో చూస్తాం కదా, అది తక్కువైతే ఆ మందుకి ఎర్రకణాలు పగులుతాయి గనక. మగవాళ్ళకైతే ఫ్లోరసెంట్ స్పాట్ టెస్టు సూటిగా తేల్చేస్తుంది. మెరిస్తే ఎంజైము ఉన్నట్టు, మెరవకపోతే లేనట్టు. చిక్కంతా ఆడవాళ్ళ దగ్గరే. ఆ ఎంజైము జన్యువుండేది ఎక్స్ క్రోమోజోమ్ మీద. ఒకే మ్యుటేషన్ (జన్యువులో మార్పు) ఒక ఎక్స్ మీద మోస్తున్న అక్కచెల్లెళ్ళలో ఒకరికి 85 శాతం, ఇంకొకరికి 25 శాతం రావచ్చు. పుస్తకం తెరిస్తే "లయనైజేషన్ వల్ల", అంటే ఒక ఎక్స్ మూతపడటం వల్ల, అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. ఆ ఒక్క ముక్కతో బెంచీ మీద పని నడవదు.

తెలిసినవాళ్ళు మూడు సంగతులు విప్పి చెప్పండి. రెండు ఎక్స్‌లలో ఒకటి మూతపడుతుంది సరే, సగం సగం రావాల్సింది ఇంత తేడా ఎందుకు? ఆ మూత వేసేదేమిటి, ఒకసారి పడ్డాక మళ్ళీ ఎందుకు తెరుచుకోదు? ఏ ఎక్స్ ఎంత శాతం కణాల్లో మూతపడిందో కొలిచే దారేది, అందులో ఎక్కడెక్కడ తప్పుతుంది?

కొలాబ్ (జయపురం)

మొదటి ప్రశ్న నేను తీసుకుంటాను.

1949లో బార్, బెర్‌ట్రామ్ పిల్లుల నాడీకణాలు చూస్తూ ఆడపిల్లి కేంద్రకంలోనే ఒక ముదురు చుక్క ఉందని గుర్తించారు. అదే బార్ బాడీ. అది ముడుచుకుపోయిన ఒకే ఒక్క ఎక్స్ అని 1959లో ఓనో చూపించాడు. 1961లో మేరీ లయన్ ఎలుకల బొచ్చు రంగుల మచ్చలు చూసి అసలు సూత్రం చెప్పింది: ప్రతి కణంలోనూ ఒక ఎక్స్ మూతపడుతుంది, అది తండ్రిదా తల్లిదా అన్నది పిండదశలో ఏ కణానికా కణం విడిగా తేల్చుకుంటుంది, తేల్చుకున్నాక దాని సంతతి అంతా అదే పాటిస్తుంది. మరుసటి ఏడే, 1962లో, బ్యూట్లర్ బృందం దీన్ని మనుషుల్లో నిలబెట్టింది జీ6పీడీతోనే. ఒక ఎక్స్ మీదే లోపమున్న వాహకురాలి రక్తంలో సగం ఎంజైమున్న కణాలు లేవు. పూర్తిగా ఉన్నవి కొన్ని, దాదాపు లేనివి కొన్ని. 1963లో చర్మకణాలను ఒక్కొక్కటిగా విడదీసి పెంచితే, ఒక్కో గుంపు జీ6పీడీ ఏ రకమో బీ రకమో ఏదో ఒకటే చేసింది, రెండూ చేసినది లేదు.

చర్మంలో ఈ కలగలుపు రెండు చీరల ముక్కలతో కుట్టిన బొంతలా ఉంటుంది, ముక్కకి ముక్క విడిగా. రక్తంలో మాత్రం ఎర్రబియ్యం తెల్లబియ్యం ఒకే చేటలో పోసి కుదిపినట్టు. మనం స్పాట్ టెస్టుకి తీసేది ఆ చేటలో ఒక గుప్పెడు, పిండి చేసేసి మరీ. ఏ గింజ ఎంతో అక్కడే పోతుంది.

ఇక తేడా ఎందుకంటే, ఎంపిక జరిగేనాటికి రక్తాన్ని పుట్టించబోయే కణాలు కొద్ది. వెయ్యి నాణేలు ఎగరేస్తే 500 దగ్గరే ఆగుతుంది. లెక్క కోసం 16 నాణేలే అనుకోండి: 4 నుంచి 12 వరకు ఎక్కడైనా బొమ్మ పడటం మామూలు. అంటే 25 శాతం నుంచి 75 శాతం దాకా. అక్కకి 75, చెల్లికి 25 రావడానికి వేరే జన్యువు వెతకనక్కర్లేదు, ఎంపికలోని అదృష్టమే చాలు.

వంశధార (గుణుపురం)

అలాగైతే కవలల్లో? ఒకే అండం నుంచి వచ్చిన ఆడకవలలకి డీఎన్ఏ ఒకటే కదా.

కొలాబ్ (జయపురం)

ఒకటే. అయినా ఒకరికి ఎక్స్ సంబంధమైన జబ్బు లక్షణాలు బయటపడి, రెండోవారికి పడకపోవడం వైద్యంలో నమోదైనదే. మూత ఎంపిక డీఎన్ఏ అక్షరాల్లో రాసి ఉండదు గనక. మూడు రంగుల పిల్లిని క్లోన్ చేసినప్పుడు కూడా ఇదే కనిపించింది. 2001 డిసెంబరులో టెక్సస్‌లో పుట్టిన క్లోన్ పిల్లికి, కణమిచ్చిన పిల్లికున్న నారింజ మచ్చలు రాలేదు, ఎందుకంటే క్లోన్ చేయడానికి తీసిన కణంలో నారింజ ఎక్స్ అప్పటికే మూతపడి ఉంది, అది పూర్తిగా తెరుచుకోలేదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

రెండో ప్రశ్నకి వస్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి. వరస తెలియకపోతే కొలతలో తప్పు ఎక్కడొస్తుందో అర్థం కాదు.

ఎక్స్ పొడుగు చేతి మీద క్యూ13 ప్రాంతంలో ఎగ్జిస్ట్ అనే జన్యువుంది, 1991లో దొరికింది. దీన్నుంచి ప్రోటీన్ రాదు, సుమారు 17 వేల అక్షరాల ఆర్ఎన్ఏ మాత్రం వస్తుంది. పుట్టిన క్రోమోజోమ్‌నే పట్టుకుని పరుచుకుంటుంది, పక్క క్రోమోజోమ్‌కి పోదు. పుట్టు ఎప్పుడూ మూతపడబోయే ఎక్స్ నుంచే. 1996, 97లలో ఎలుకల్లో ఈ జన్యువు తీసేస్తే ఆ ఎక్స్ మూతపడటమే మానేసింది.

పరుచుకున్నాక పని మెట్లు మెట్లుగా నడుస్తుంది. ఆర్ఎన్ఏ మొదటి భాగంలో ఏ రిపీట్ అనే పునరావృతం ఉంది, దానికి స్పెన్ అనే ప్రోటీన్ అతుక్కుంటుంది. స్పెన్ హెచ్‌డాక్3 ఎంజైమును పనిలోకి దించి హిస్టోన్ల (డీఎన్ఏ చుట్టుకునే ప్రోటీన్ల) మీది ఎసిటైల్ గుర్తులు చెరిపిస్తుంది, జన్యువులు చదవడం ఆగుతుంది. వేరే భాగానికి హెచ్ఎన్ఆర్‌ఎన్‌పీకే అనే ప్రోటీన్ అతుక్కుని పీఆర్‌సీ1 అనే ప్రోటీన్ల గుంపుని రప్పిస్తుంది. అది హెచ్2ఏ హిస్టోన్ మీద 119వ లైసిన్‌కి యుబిక్విటిన్ తగిలిస్తుంది. ఆ గుర్తు చూసి పీఆర్‌సీ2 వచ్చి హెచ్3 మీద 27వ లైసిన్‌కి మూడు మిథైళ్ళు పెడుతుంది. ఆ తర్వాత మాక్రోహెచ్2ఏ, ఎస్ఎంసీహెచ్‌డీ1 ప్రోటీన్లు చేరతాయి. అన్నిటికన్నా చివర జన్యువుల మొదట్లోని సీజీ దీవుల (సీ, జీ అక్షరాలు గుంపుగా ఉన్న చోట్ల) మీద డీఎన్ఏ మిథైలేషన్, అంటే మిథైల్ గుర్తులు పడటం.

ఈ చివరిదే తాళం. ఎలుక పిండ మూలకణాల్లో చూస్తే, మొదటి రెండు మూడు రోజుల్లో ఎగ్జిస్ట్ ఆపేస్తే మూత తిరిగి తెరుచుకుంటుంది. ఆ గడువు దాటి మిథైలేషన్ కూడా పడ్డాక ఎగ్జిస్ట్ తీసేసినా ఎక్స్ చాలామటుకు మూసే ఉంటుంది. కణం విడిపోయిన ప్రతిసారీ డీఎన్ఎంటీ1 ఎంజైము పాత పోగు చూసి కొత్త పోగుకి అదే మిథైల్ పెడుతుంది. అందుకే పిండంలో జరిగిన ఎంపిక అరవయ్యేళ్ళ తర్వాత రక్తంలోనూ కనిపిస్తుంది. ఈ తాళం పడ్డాక సహజంగా తెరుచుకునేది ఒక్కచోటే, అండాలుగా మారబోయే ఆదిమ బీజకణాల్లో.

ఒక హెచ్చరిక. ఎలుకలో తేలినదంతా మనిషికి అంటగట్టకండి. ఎలుక పిండంలో ముందు తండ్రి ఎక్స్ మూతపడి, ఎపిబ్లాస్ట్‌లో (శరీరంగా మారబోయే భాగంలో) తెరుచుకుని, అప్పుడు మళ్ళీ యాదృచ్ఛికంగా మూతపడుతుంది. మాయలో (ప్లసెంటాలో) మాత్రం తండ్రిదే మూసి ఉంటుంది. మనిషి మాయలో అలా తండ్రిదే అన్న నియమం లేదు. మనిషి తొలి పిండంలో ఎగ్జిస్ట్ రెండు ఎక్స్‌ల మీదా కనిపిస్తుంది, అయినా రెండూ పనిచేస్తూనే ఉంటాయి. కంగారూ జాతుల్లో అసలు ఎగ్జిస్టే లేదు. ఆర్ఎస్ఎక్స్ అనే వేరే ఆర్ఎన్ఏ, ఎప్పుడూ తండ్రి ఎక్సే మూత.

ప్రాణహిత (సిరొంచ)

మాస్టారు మంచిగ చెప్పిండ్రు. గిప్పుడు మందు లెక్కకు వద్దాం, నాగావళి అక్క అడిగిన అసలు సంగతి అదే గదా.

లోపమున్న కణంల ఎంజైము 10 శాతం, మంచి కణంల 100 శాతం అనుకోండ్రి. రక్తంల మంచి కణాలు 60 శాతం, లోపపువి 40 శాతం ఉంటే మొత్తం కలిపి 60 కి 4 కలిస్తే 64 శాతం వస్తది. కాయితం మీద 64 చూసి "పర్వాలేదు" అంటరు. కానీ నూటికి నలభై కణాలు ప్రైమాక్విన్ తాకిడికి నిలువయి. హిమోగ్లోబిన్ 9 ఉన్న ఆమెకు ఆ నలభైల పెద్ద భాగం, ముఖ్యంగ ముసలి కణాలు, పగిలితే ఏమైతదో లెక్క వేసుకోండ్రి. అదే 64 శాతం ఒక మగాయనకు వచ్చిందంటే ప్రతి కణంల 64 ఉన్నట్టు. రెండు అంకెలు ఒక్కటే, అర్థం ఒక్కటి కాదు.

టాఫెనోక్విన్‌కు, అంటే ప్రైమాక్విన్ లెక్కనే వాడే ఇంకో మందుకు, 70 శాతం గీత పెట్టింది గిందుకే. ఆ గీత మీద నిలబడ్డ ఆడామెలో కూడ, పై లెక్క ప్రకారం, మూడింట ఒక వంతు కణాలు లోపపువే. ఆ మందు ఒక్క మోతాదు 300 మిల్లీగ్రాములు, ఒంట్ల చాలా రోజులుంటది, వెనక్కి తీసుకునేది లేదు. ప్రైమాక్విన్ రోజుకు కిలోకు 0.25 మిల్లీగ్రాము, 14 రోజులు గనక మూత్రం నల్లబడంగనే ఆపే వీలుంది.

స్పాట్ టెస్టు 30 శాతం కన్న తక్కువున్నోళ్ళనే నమ్మకంగ పడతది. 30 నుంచి 70 నడుమ ఉన్న ఆడోళ్ళు చాలామంది అండ్ల "నార్మల్" అయితరు. అంకె ఇచ్చే మిషన్ ఉంటె దాన్నే వాడాలె.

నాగావళి (రాయగడ)

ఇదీ కావాల్సింది. మన వైపు ఎంతమంది ఉంటారన్నది కూడా లెక్క కట్టొచ్చు కదా? ఒక ఊళ్ళో మగవాళ్ళలో లోపం నూటికి 10 అనుకుంటే.

ప్రాణహిత (సిరొంచ)

మగాయనకు ఎక్స్ ఒక్కటే గనక ఆ 10 శాతమే జన్యువు లెక్క. ఆడోళ్ళల్ల రెండు ఎక్స్‌లూ లోపపువి నూటికి ఒక్కరు. ఒక్క ఎక్స్ లోపపుది: రెండు ఇంటూ 0.1 ఇంటూ 0.9, అంటే నూటికి 18 మంది. అందరికన్న పెద్ద గుంపు గిదే, పరీక్ష సరిగ పట్టనిదీ గిదే.

రుషికుల్య (బరంపురం)

చిన్న చేర్పు. మన గిరిజన ప్రాంతాల్లో బాగా కనిపించే రకానికి జీ6పీడీ ఒరిస్సా అనే పేరుంది, 1995లో వర్ణించారు. 131వ స్థానంలో సీ బదులు జీ, దానివల్ల 44వ అమైనో ఆమ్లం ఎలనిన్ బదులు గ్లైసిన్. మెడిటరేనియన్ రకానికి మాత్రమే పీసీఆర్ (కావలసిన డీఎన్ఏ ముక్కకి నకళ్ళు తీసి చూసే పరీక్ష) పెట్టి "మ్యుటేషన్ లేదు" అని రాసేస్తే ఈ ప్రాంతంలో పొరపాటు జరుగుతుంది. ఒరిస్సా, మెడిటరేనియన్, కళ్యాణ్-కేరళ మూడూ కలిపి చూడాలి.

స్పాట్ టెస్టులో పదేపదే వచ్చే తప్పులు కూడా చెప్పేస్తాను. 10 మైక్రోలీటర్ల రక్తం, 100 మైక్రోలీటర్ల రియేజెంటు; 0, 5, 10 నిమిషాలకి వాట్‌మన్ 1 కాయితం మీద చుక్క; బాగా ఆరాక 365 నానోమీటర్ల దీపం కింద చూడాలి. తడి చుక్క మెరవదు, హిమోగ్లోబిన్ మింగేస్తుంది. వానాకాలం తేమలో ఆరడానికి ఎంతసేపు పట్టినా ఆగాల్సిందే. తెలిసిన లోపపు నమూనా, తెలిసిన మంచి నమూనా రెండూ పక్కన లేకుండా ఒక్క చుక్క చూసి తీర్పు ఇవ్వకూడదు. తెల్లకణాల్లో కూడా జీ6పీడీ ఉంటుంది, రక్తహీనత బాగా ఉన్నవాళ్ళలో బఫీ కోట్ (తెల్లకణాల పొర) తీయకపోతే అంకె పెరుగుతుంది.

అన్నిటికన్నా మోసం చేసేది రెటిక్యులోసైట్లు, అంటే అప్పుడే పుట్టిన ఎర్రకణాలు. పుట్టిన కొత్తలో ఎర్రకణంలో ఎంజైము ఎక్కువ. రక్తం విరిగిన వారంలో పరీక్ష చేస్తే లోపపు ముసలి కణాలు పోయి కొత్తవి మిగిలుంటాయి, రిపోర్టు బాగుందని వస్తుంది. మన జిల్లాల్లో సికిల్ సెల్ ఎక్కువ గనక అలాంటివాళ్ళలో రెటిక్యులోసైట్ల సంఖ్య ఎప్పుడూ పెరిగే ఉంటుంది. ఆ లెక్క పక్కన రాయకుండా జీ6పీడీ అంకె ఒక్కటే పంపడం నా దృష్టిలో సగం రిపోర్టు. రక్తం విరిగాక మళ్ళీ చూడాలంటే రెండు మూడు నెలలు ఆగాలి.

వంశధార (గుణుపురం)

డిగ్రీ పిల్లలకి బార్ బాడీ ప్రాక్టికల్ పెడుతున్నాం. చాలా స్లైడుల్లో ఏమీ కనపడదు, లేదా అన్నిట్లోనూ చుక్కలే. ఏటి తేడా చేస్తున్నట్టు?

రుషికుల్య (బరంపురం)

ఏమీ కనపడకపోవడానికి మొదటి కారణం గీసే తీరు. నోరు పుక్కిలించాక బుగ్గ లోపలి వైపు ఒకసారి గీసి ఆ గీకుడు పారేయాలి, అది చచ్చిన కణాల పొర. అదే చోట రెండోసారి కాస్త గట్టిగా గీసింది స్లైడుకి. తడి ఆరకముందే 95 శాతం ఆల్కహాల్‌లో 30 నిమిషాలు. గాలికి ఆరితే కేంద్రకం ఉబ్బి క్రోమాటిన్ అలుక్కుపోతుంది. తర్వాత 70 శాతం ఆల్కహాల్, నీళ్ళు, ఆపైన 5 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో గది వేడిమిలో 20 నిమిషాలు. ఆమ్లం ఆర్ఎన్ఏని తీసేసి వెనకతెర శుభ్రం చేస్తుంది. డిస్టిల్డ్ వాటర్లో నాలుగైదు సార్లు కడగాలి. ఆమ్లం మిగిలితే రంగు పట్టదు. 1 శాతం క్రెసిల్ వయొలెట్ 5 నుంచి 10 నిమిషాలు, 95 శాతం ఆల్కహాల్లో రంగు దించడం, జైలీన్, చివర కవర్‌స్లిప్ అతికించే డీపీఎక్స్.

అన్నిట్లోనూ చుక్కలంటే చాలామటుకు అవి నోటి బాక్టీరియా. ఫైన్ ఫోకస్ తిప్పండి: బాక్టీరియా కేంద్రకం మీద వేరే మట్టంలో తేలుతుంది, బయటా ఉంటుంది. బార్ బాడీ కేంద్రకపు అంచుకి లోపలివైపు అతుక్కుని, ఒక మైక్రాన్ పైచిలుకు, ఒకవైపు చదునుగా ఉంటుంది. మడతపడని, అంచు స్పష్టంగా ఉన్న కేంద్రకాలు 100 లెక్కపెట్టండి. ఆడవాళ్ళలో కూడా నూటికి నూరు రావు. 20 నుంచి 50 వస్తే బాగా చేసినట్టే. చుక్క అంచున కాక పైనో కిందో ఉన్న కేంద్రకాల్లో అది కనపడదు, అంతే. మగ నమూనా ఒకటి పేరు దాచి పక్కన పెట్టాలి, అందులో 2 శాతం దాటితే లెక్కపెట్టే చెయ్యి సరిదిద్దుకోవాలి.

ఇంకొక్క మాట, ఇది గట్టిగానే చెప్తాను. క్లాసులో పిల్లల సొంత బుగ్గ నుంచి స్లైడు తీయించవద్దు. బార్ బాడీల సంఖ్య ఎక్స్‌ల సంఖ్యకి ఒకటి తక్కువ. 45 ఎక్స్ (ఒక్క ఎక్సే) ఉన్న అమ్మాయికో, 47 ఎక్స్ఎక్స్‌వై (ఒక ఎక్స్ ఎక్కువ) ఉన్న అబ్బాయికో ఆ సంగతి నలుగురి మధ్య తెలియడం అన్యాయం. పేర్లు తీసేసిన శాశ్వత స్లైడులు ఒక పెట్టె పెట్టుకోండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

మలేరియా స్లైడులు చూసే చోట మూతపడ్డ ఎక్స్‌ని చూడటానికి ఇంకో సులువు దారి ఉంది. లీష్‌మన్ రంగు వేసిన పలుచటి స్మియర్‌లో న్యూట్రోఫిల్ కేంద్రకానికి సన్నటి దారంతో వేలాడే డప్పుకర్ర తల లాంటిది, సుమారు 1.5 మైక్రాన్లు. 1954లో డేవిడ్‌సన్, స్మిత్ చెప్పారు. కొద్ది శాతం న్యూట్రోఫిల్లలోనే కనిపిస్తుంది గనక 500 అయినా లెక్కపెట్టాలి. దారం లేని గుబ్బల్ని లెక్కలోకి తీసుకోవద్దు. మందపు స్మియర్‌లో దీన్ని వెతకడం దండగ.

వంశధార (గుణుపురం)

ధన్యవాదాలు మాస్టారూ. ఒక సందేహం: ఎక్స్ మొత్తం మూతపడితే, ఒక ఎక్స్ లేని టర్నర్ వాళ్ళకి ఇబ్బంది ఎందుకు?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

మొత్తం మూతపడదు, అందుకే. మనిషిలో ఎక్స్ మీది జన్యువుల్లో సుమారు 15 శాతం మూత తప్పించుకుంటాయి, ఇంకో 10 శాతం దాకా మనిషినిబట్టి, కణజాలాన్నిబట్టి మారతాయి. ఎలుకలో తప్పించుకునేవి చాలా తక్కువ. ఎక్స్ఓ ఎలుక దాదాపు మామూలుగా ఉండటానికి అదొక కారణం. పొట్టి చేతి కొసన 27 లక్షల అక్షరాలంత భాగం వైతో జతకట్టేది, అది రెండింటి మీదా పనిచేస్తుంది. అందులోని షాక్స్ ఒక కాపీ తగ్గితే ఎత్తు తగ్గుతుంది. కేడీఎం6ఏ, డీడీఎక్స్3ఎక్స్ కూడా తప్పించుకునేవే. టీఎల్ఆర్7 అనే రోగనిరోధక జన్యువు కొన్ని రోగనిరోధక కణాల్లో రెండు ఎక్స్‌ల నుంచీ పనిచేస్తుంది. లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు) ఆడవాళ్ళలో అంత ఎక్కువ ఉండటానికి చెప్పే కారణాల్లో అదొకటి.

జీ6పీడీ తప్పించుకునే జన్యువు కాదు. క్యూ28లో ఉంది, మూత బాగా పడుతుంది. కాబట్టే మన లెక్కలు నిలుస్తున్నాయి.

కొలాబ్ (జయపురం)

మగవాళ్ళలోనూ ఒకచోట ఎక్స్ మూతపడుతుంది, ఇక్కడ ఎవరూ అనలేదు. వీర్యకణాలు తయారయ్యేటప్పుడు, క్రోమోజోములు జతకట్టే పాకిటీన్ దశలో, ఎక్స్, వై రెండూ కలిసి కేంద్రకం అంచున ఒక మూటలా చేరి నోరు మూసుకుంటాయి. అక్కడ ఎగ్జిస్ట్‌కి పని లేదు. జత దొరకని భాగాన్ని బీఆర్‌సీఏ1, ఏటీఆర్ ప్రోటీన్లు పసిగట్టి హెచ్2ఏఎక్స్ మీద ఫాస్ఫేటు పెడతాయి, ఎండీసీ1 దాన్ని క్రోమోజోమ్ పొడవునా పరుస్తుంది. అది విఫలమైతే వై మీది జెడ్ఎఫ్‌వై జన్యువు పనిచేసి ఆ కణం అక్కడే చస్తుంది, ఎలుకల్లో తేలిన సంగతి. ఎక్స్ మూసుంటే గ్లూకోజు వాడకానికి కావలసిన, ఎక్స్ మీది పీజీకే1 జన్యువు ఆగిపోవాలి కదా? దానికోసమే ఆరో క్రోమోజోమ్ మీద పీజీకే2 అనే నకలు ఉంది, వృషణంలోనే పనిచేస్తుంది. ఈ ఏర్పాటు తలుచుకున్నప్పుడల్లా నాకు ఆశ్చర్యమే.

నాగావళి (రాయగడ)

మూడో ప్రశ్న మిగిలింది. కొలవడం.

రుషికుల్య (బరంపురం)

దీనికి అందరూ వాడేది ఆండ్రోజెన్ రిసెప్టర్ జన్యువు పరీక్ష, 1992 నుంచి ఉంది. ఆ జన్యువు మొదటి ఎక్సాన్‌లో సీఏజీ పదేపదే వస్తుంది, ఎన్నిసార్లన్నది ఎక్స్‌కీ ఎక్స్‌కీ మారుతుంది. పదిమంది ఆడవాళ్ళలో ఎనిమిది తొమ్మిది మందికి రెండు పొడవులు వేరువేరు. దానికి 100 అక్షరాల లోపే హెచ్‌పీఏ2 అనే ఎంజైము కోసే సీసీజీజీ చోట్లున్నాయి. మూతపడ్డ ఎక్స్ మీద అవి మిథైల్ అయి ఉంటాయి, ఎంజైము కోయలేదు, పీసీఆర్‌లో పలుకుతుంది, అంటే దానికి నకళ్ళు వస్తాయి. పనిచేసే ఎక్స్ తెగిపోతుంది, పలకదు.

ఈడీటీఏ గొట్టంలో రక్తం. హెపారిన్ వద్దు, పీసీఆర్‌ని ఆపుతుంది. డీఎన్ఏ 500 నానోగ్రాముల చొప్పున రెండు గొట్టాలు, 20 మైక్రోలీటర్లు. ఒకదాంట్లో హెచ్‌పీఏ2 10 యూనిట్లు, రెండోదాంట్లో ఎంజైము బదులు నీళ్ళు, బఫరు రెండింట్లోనూ. రెండూ 37 డిగ్రీల్లో రాత్రంతా, తర్వాత 80 డిగ్రీల్లో 20 నిమిషాలు. ఒక్కోదాంట్లోంచి 2 మైక్రోలీటర్లు తీసి, రంగు తగిలించిన ప్రైమరుతో 28 సైకిళ్ళు. సీఏజీ చోటు జీసీ ఎక్కువ గనక పలకకపోతే 5 శాతం డీఎంఎస్ఓ వేయండి. 35 సైకిళ్ళకి పోవద్దు: నకళ్ళు ఇక పెరగని పీఠభూమికి చేరాక, యంత్రం ఒక్కో పొడవుకి ఒకటి చొప్పున గీసే రెండు శిఖరాలూ సమానమైపోయి తేడా చెరిగిపోతుంది.

కోత అసంపూర్తిగా ఉండటమే ఇందులో అసలు శత్రువు. తెగని పనిచేసే ఎక్స్ కూడా పలికి, అందరూ 50:50 దగ్గర ఉన్నట్టు చూపిస్తుంది. అందుకే ప్రతి బ్యాచిలో మగ నమూనా ఒకటి కోసి పెట్టాలి. మగవాడి ఒక్క ఎక్స్ పనిచేసేదే, మొత్తం తెగాలి, శిఖరం రాకూడదు. వచ్చిందంటే ఆ బ్యాచి అంతా పారేయాలి, సర్దుకుపోవద్దు. డీఎన్ఏలో మిగిలిన ఈడీటీఏ, ఆల్కహాల్ కోతని ఆపుతాయి. కరెంటు పోయి ఫ్రీజరు కరిగిన ఎంజైముతో కూడా ఇదే గతి. ఎంఎస్‌పీఐ అనే జోడీ ఎంజైము మిథైల్ ఉన్నా లేకున్నా అదే చోట కోస్తుంది, దాంతో ఆడ నమూనా కోస్తే ఏమీ రాకూడదు. ఇది రెండో కాపలా.

80:20కి చేరితే వంపు (ఒకే ఎక్స్ ఎక్కువ కణాల్లో మూతపడటం) ఉన్నట్టు, 90:10కి చేరితే గట్టి వంపు అని వాడుక. చేరినంత మాత్రాన జబ్బు అనకండి. వయసు పైబడేకొద్దీ రక్తంలో వంపు పెరుగుతుంది, మూలకణాల వంశాల్లో కొన్నే మిగలడం వల్ల. బుగ్గ నమూనాలో అదే మనిషికి వేరే నిష్పత్తి రావచ్చు. జీ6పీడీ కోసం చూస్తే రక్తమే సరైనది.

కొలాబ్ (జయపురం)

ఎక్స్ నుంచి వేరే క్రోమోజోమ్‌కి ముక్క మారిన వాళ్ళలో 100:0 కూడా చూస్తాం. ముక్కలు సమంగా మారినప్పుడు మామూలు ఎక్సే అన్ని కణాల్లో మూతపడి ఉంటుంది, లేదంటే అతుక్కున్న వేరే క్రోమోజోమ్ ముక్క కూడా మూతపడి కణం చస్తుంది. డుషెన్ కండర జబ్బు ఆడపిల్లకి పూర్తిగా వచ్చిన అరుదైన కేసుల్లో కొన్ని ఇలాంటివే. 100:0 వస్తే కేరియోటైప్ (క్రోమోజోముల పరీక్ష) అడగండి.

నాగావళి (రాయగడ)

శిఖరాల ఎత్తులు నేరుగా భాగించి శాతం రాసేస్తే సరిపోదా?

రుషికుల్య (బరంపురం)

సరిపోదు. పొట్టి ముక్క పీసీఆర్‌లో ఎప్పుడూ కాస్త ఎక్కువ పలుకుతుంది. కోయని గొట్టం పెట్టింది అది దిద్దడానికే. ఉదాహరణకి కోయని గొట్టంలో పొట్టిది 12,000, పొడుగుది 9,000. కోసిన గొట్టంలో 6,000, 1,500. నేరుగా చూస్తే 6,000 బై 7,500, అంటే 80 శాతం, వంపు ఉన్నట్టు రాసేస్తాం. దిద్దితే పొట్టిదానికి 6,000 బై 12,000 అంటే 0.5, పొడుగుదానికి 1,500 బై 9,000 అంటే 0.167. 0.5ని రెండింటి మొత్తం 0.667తో భాగిస్తే 75 శాతం. గీతకి ఇవతలే ఉంది. రెండు పొడవులకీ మధ్య ఒక్క రిపీటే తేడా ఉంటే పొడుగుదాని నీడ శిఖరం పొట్టిదాని మీద పడుతుంది, అప్పుడు దాన్ని కూడా తీసేయాలి.

ఈ 75 శాతం పొట్టి ఎక్స్ *మూతపడ్డ* కణాలది. పనిచేస్తున్నది పొడుగు ఎక్స్. దీన్ని తలకిందులు రాయడం తరచూ జరిగే తప్పు.

ప్రాణహిత (సిరొంచ)

మంచిది. కానీ లోపమున్న జీ6పీడీ పొట్టి దాని మీద ఉందా పొడుగు దాని మీద ఉందా ఎట్ల తెలుస్తది? కొడుకు రక్తం చూస్తే చాలా?

రుషికుల్య (బరంపురం)

కొడుకు చాలడు. ఆండ్రోజెన్ రిసెప్టర్ క్యూ12లో, జీ6పీడీ క్యూ28లో, పొడుగు చేతికి దాదాపు రెండు చివరలు. తల్లి అండం తయారయ్యేటప్పుడు మధ్యలో ముక్కలు మారతాయి, కొడుక్కి వచ్చిన జోడీ తల్లిలో ఉన్న జోడీ కాకపోవచ్చు. ఆమె తండ్రి రక్తం తీసుకోండి. తండ్రి ఎక్స్ కూతురికి చివరి కొసలు తప్ప మారకుండా వస్తుంది. తండ్రికి జీ6పీడీ లోపం ఉంటే, ఆయన సీఏజీ పొడవు ఏదో ఆమెలో లోపం ఆ పొడవు ఎక్స్ మీదే. తండ్రి మామూలైతే లోపం రెండో పొడవు మీద. పై ఉదాహరణలో తండ్రి లోపం ఉన్నవాడై పొట్టి పొడవు ఆయనదైతే, లోపపు ఎక్స్ 75 శాతం కణాల్లో మూసుంది. ఆమె రక్తంలో నాలుగింట మూడు మంచి కణాలు. ఎంజైము అంకె 77 చుట్టుపక్కల రావాలి. చాలా దూరంగా వస్తే రెటిక్యులోసైట్లు లెక్కపెట్టి, కోత గొట్టం మళ్ళీ చూడండి.